తేనెపిట్ట ఫోటో: అందము, సాక్ష్యము

అమలాపురము, రాజోలు, కొత్తపేట ప్రాంతములలో మందారచెట్టు గల ప్రతి పెరటికిని తేనెపిట్ట చుట్టమే. విద్యార్థులు నేడు దానిని ఫోటో తీసి, వెంటనే జాతిపేరు వ్రాయుచున్నారు. ఉత్సాహము మెచ్చదగినదే గాని, పద్ధతి పరిశీలింపదగినది.

అందరును మెచ్చు ఫోటో యేది? పువ్వులో ముక్కు దూర్చి తేనె త్రాగుచున్న పిట్టది. శాస్త్రదృష్టిలో అది బలహీనమైన సాక్ష్యము. కావలసిన గుర్తులనే పువ్వు కప్పివేయును.

ఊదా తేనెపిట్ట (సిన్నిరిస్ ఏషియాటికస్) ఆడపక్షికి గొంతునుండియే పసుపురంగు ఉండును. తోక మొదట ఊదారంగు గల మరొక జాతి (లెప్టోకోమా జైలోనికా) ఆడపక్షికి గొంతు బూడిదవన్నె కలిసిన తెలుపు, రొమ్ము పసుపు. గొంతు కనబడనిచో రెండింటిని వేరుచేయుట కష్టము.

మగపక్షుల చిక్కు వేరు. ఊదా తేనెపిట్ట, లోటెన్ తేనెపిట్ట (సిన్నిరిస్ లోటెనియస్) రెండును దూరమునకు నల్లనివే. లోటెన్ ముక్కు మిక్కిలి పొడవు, వంపు ఎక్కువ, పొట్ట గోధుమవన్నె. పక్షి కెమెరాకు ఎదురుగా తిరిగినచో పొడవైన ముక్కు సైతము పొట్టిగా తోచును.

రంగును నమ్ముదమన్న, ఆ మెరుపు ఈకలలోని సూక్ష్మమైన పొరలపై పడిన వెలుతురు వలన పుట్టును. ఎండలో నీలముగా మెరసినది నీడలో నల్లబడును. పైగా ఊదా తేనెపిట్ట మగది సంతానకాలము గడచిన పిదప వేషము మార్చి, పసుపు పొట్టపై గొంతునుండి దిగు నల్లచారతో ఆడపక్షిని పోలియుండును.

1941లో వెలువడిన సాలిం ఆలీ పక్షిగ్రంథమువంటి వానిలో చిత్రకారుడు జాతిలక్షణములను ఏరి చూపగలడు. కెమెరాకు ఆ వివేచన లేదు. అది ఒక పక్షిని ఒక క్షణమున మాత్రమే చూపును. కావున ప్రక్కనుండి ముక్కు, క్రిందనుండి గొంతు, పొట్ట కనబడునట్లు రెండు మూడు ఫోటోలు తీసి, తేదీ, స్థలము, వెలుతురు వ్రాసికొనవలెను.

ఇది కేవలము పేరు తగవు కాదు. 2002లో ప్రారంభమైన ఈబర్డ్ వంటి పట్టికలలో సామాన్యుల పరిశీలనలును చేరుచున్నవి. తప్పుపేరు చేరినచో, లేని పక్షి కోనసీమ పటములో ఉన్నట్లగును. ఆధారము చాలనప్పుడు "తేనెపిట్ట, జాతి నిర్ణయము కాలేదు" అని వ్రాసిన విద్యార్థికి ఉపాధ్యాయుడు మార్కులు తగ్గింపరాదు. అతడు శాస్త్రమునకు మేలే చేసినాడు.