వేలికి అంటని మట్టి

కంప్యూటర్ మీద బొమ్మలు చెయ్యడం నేర్చుకోవాలని ఉంది, దేనితో మొదలుపెట్టమంటారు అని అడిగేవాళ్లు ఈమధ్య ఎక్కువయ్యారు. ఇంజనీరింగ్ చదివే పిల్లలు, బడిలో డ్రాయింగ్ చెప్పే మాస్టార్లు, చవితికి వినాయక విగ్రహాలు చేసే ఇళ్లలోని కుర్రాళ్లు. దాదాపు అందరూ చివర ఒక మాట చేరుస్తారు: "ఇప్పటికి ఫ్రీది చాలు సార్, చెయ్యి తిరిగాక మంచిది కొనుక్కుంటాను."

ఆ మాటతో నాకు పేచీ ఉంది. డబ్బు పెట్టి కొన్నదే అసలు పనిముట్టు, ఊరికే వచ్చేది పిల్లలాట అన్న భావం ఈ రంగంలో నిలవదు. కొత్తవాళ్లకు ఉచిత సాఫ్ట్‌వేర్‌తో ఇబ్బంది రావడం నిజమే. కానీ అది ఏదో లోటు వల్ల వచ్చేది కాదు. మొదటి నెలలో అక్కర్లేనివన్నీ మొదటి రోజే కళ్ల ముందు పరిచి ఉండటం వల్ల వస్తుంది. ఈ వారం దాని గురించే కాస్త వివరంగా రాస్తాను.

ముందు, తెర మీద అసలేం జరుగుతుందో తెలియాలి. ప్రోగ్రాం తెరవగానే బూడిద రంగులో ఒక గోళం కనిపిస్తుంది. మౌస్‌తోనో పెన్నుతోనో దాని మీద రుద్దితే ఉబ్బుతుంది, వ్యతిరేక మీట పట్టుకుని రుద్దితే గుంట పడుతుంది, పట్టి లాగితే సాగుతుంది. చూపుకి అది మట్టిముద్దే. లోపల మాత్రం మట్టి లేదు, డొల్ల. పైన ఉన్నది చిన్న చిన్న పలకలు అంచులు కలుపుకుని అల్లుకున్న వల. వినాయకుడి తొండం కోసం ఒకచోట పట్టి లాగారనుకోండి, అక్కడికి కొత్త పదార్థం వచ్చి చేరదు. ఉన్న పలకలే పొడుగ్గా సాగుతాయి. కొంతదూరం పోయాక తొండం కొన కోణాలు తేలి, ఎంత నునుపు చేసినా మాట వినదు. నేర్చుకునేవాళ్లు మొదట డీలాపడేది ఇక్కడే. తమకు చెయ్యి రాలేదనుకుంటారు. చేతిలో ఏ తప్పూ లేదు, వలలో పలకలు చాలలేదు, అంతే.

దీనికి మందు మూడు రకాలు. ఒకటి, మొత్తం వలను మెట్లు మెట్లుగా చిక్కన చెయ్యడం. ఒక్కో మెట్టుకీ ప్రతి పలకా నాలుగు ముక్కలవుతుంది. ఆరు ముఖాల ఘనంతో బయల్దేరితే ఎనిమిదో మెట్టుకి 3,93,216 పలకలు, పదో మెట్టుకి అరవై లక్షలు దాటతాయి. మామూలు లాప్‌టాప్ ఎందుకు ఉన్నట్టుండి మొరాయిస్తుందో ఈ లెక్కే చెప్తుంది. రెండోది, కుంచె, అంటే మనం రుద్దే పనిముట్టు, తగిలిన చోట మాత్రమే పలకలు పుట్టించడం. మూడోది, ఆకారాన్ని అలాగే ఉంచి దాని మీద సమానమైన పలకలతో కొత్త వల పరిచెయ్యడం. దీన్ని వోక్సెల్ రీమెష్ అంటారు. నాకు అన్నిటికన్నా ఇష్టమైనది ఇదే. కొండపల్లి బొమ్మల పనివాళ్లు తెల్ల పొణికి కర్రతో ఒళ్లు వేరుగా, చేతులు వేరుగా చెక్కుకుని, చింతగింజల పిండీ రంపపు పొట్టూ కలిపిన మక్కుతో అతికి, అతుకు కనపడకుండా నున్నగా చేస్తారు కదా. రీమెష్ చేసేదీ ఆ పనే. విడివిడి గోళాలు తెచ్చి పొట్ట, తల, చెవులు అని ఒకదాన్లోకొకటి దూర్చి, ఒక్కసారి రీమెష్ కొడితే అన్నీ ఒకే ముద్దవుతాయి. ఒక జాగ్రత్త మాత్రం ఉంది. పక్కపక్కనే తాకుతున్న వేళ్లను కూడా అది అలాగే కలిపేస్తుంది. అందుకే వేళ్లను చివరిదాకా ఎడంగా ఉంచాలి.

ఈ మూడూ ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఉన్నాయి. పైగా, ఇందులో రెండోదాన్ని జనంలోకి తెచ్చింది ఒక ఉచిత ప్రోగ్రామే. తోమస్ పెటర్సన్ అనే స్వీడన్ ప్రోగ్రామర్ 2009 చివర్లో స్కల్ప్‌ట్రిస్ అని ఒకటి రాసి అందరికీ ఊరికే ఇచ్చాడు. పలకల గొడవే తెలియకుండా నేరుగా బొమ్మ చేసుకోవడం అప్పట్లో ఎంత హాయిగా ఉండేదో దాన్ని వాడినవాళ్లకు తెలుసు. మరుసటి ఏడాది ఆయన, జెడ్‌బ్రష్ అనే డబ్బు కట్టి వాడే శిల్ప సాఫ్ట్‌వేర్‌ను తయారుచేసే పిక్సోలాజిక్ సంస్థలో చేరాడు. స్కల్ప్‌ట్రిస్ కొన్నాళ్లు ఉచితంగానే దొరికింది, తర్వాత దాని ఎదుగుదల ఆగిపోయింది. 2020లో దాని చోటులోకి జెడ్‌బ్రష్‌కోర్‌మినీ వచ్చింది. అదీ ఉచితంగానే వచ్చింది, కానీ దానితో చేసిన బొమ్మను వ్యాపారానికి వాడకూడదన్న షరతు పెట్టారు. పిక్సోలాజిక్ కూడా ఆ తర్వాత మాక్సాన్ అనే మరో సంస్థ చేతికి వెళ్లింది. ఆటోడెస్క్ సంస్థ 2011లో కొని ఉచితంగా పంచిన మెష్‌మిక్సర్ అనే ప్రోగ్రాం కథా ఇంతే. త్రీడీ ప్రింటింగ్ చేసుకునేవాళ్లు ఎంతో మంది దాని మీద ఆధారపడ్డారు. ఇక దాన్ని అభివృద్ధి చెయ్యబోమని ఆ సంస్థ చెప్పేసింది.

నేను ఎవరినీ నిందించడం లేదు. సంస్థ ఇచ్చినదాన్ని సంస్థ ఆపుకోవచ్చు, అది వాళ్ల హక్కు. కానీ ఏళ్లు పెట్టి చెయ్యి అలవాటు చేసుకోబోయే పనిముట్టు ఎవరి దయ మీద నడుస్తోందో చూసుకోవడం నేర్చుకునేవాళ్ల బాధ్యత. ధర సున్నా అని రాసి ఉన్నంత మాత్రాన అన్నీ ఒక్క తూకం కావు.

బ్లెండర్ అనే ఉచిత ప్రోగ్రాం విషయంలో ఈ భయం లేదు. ఎందుకు లేదో దాని చరిత్రలో ఉంది. నెదర్లాండ్స్‌లో టోన్ రోసెండాల్ తన స్టూడియో కోసం మొదలుపెట్టిన ప్రోగ్రాం అది. దాన్ని అమ్మడానికి పెట్టిన కంపెనీ 2002లో మూతపడింది. లక్ష యూరోలు ఇస్తే హక్కులు వదులుకుంటామన్నారు పెట్టుబడిదారులు. వాడుకరులే చందాలు వేసుకుని ఏడు వారాల్లో ఆ సొమ్ము పోగుచేశారు. 2002 అక్టోబరు 13న బ్లెండర్ సోర్సు కోడ్, ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు అనే జీపీఎల్ లైసెన్సు కింద బయటికి వచ్చింది. అప్పటి నుంచి దాన్ని ఎవరూ వెనక్కి తీసుకోలేరు. మీరు చేసిన బొమ్మ పూర్తిగా మీది, అమ్ముకున్నా అడిగేవారు లేరు. అందులో శిల్పం చేసే భాగాన్ని 2006లో గూగుల్ సమ్మర్ ఆఫ్ కోడ్ అనే విద్యార్థుల కార్యక్రమంలో నికొలస్ బిషప్ అనే విద్యార్థి మొదలుపెట్టాడు. స్కల్ప్‌ట్రిస్ తరహాలో కుంచె తగిలిన చోటే పలకలు పుట్టే పద్ధతి 2013లో వచ్చింది. 2019లో 2.81 వెర్షన్‌లో పాబ్లో దొబారో చేతిమీదుగా ఆ భాగం రూపే మారిపోయింది. నేను పైన మెచ్చుకున్న వోక్సెల్ రీమెష్ ఆ విడతలోదే. ఇక స్థాయి మాటంటారా, 2025లో ఉత్తమ యానిమేషన్ చిత్రంగా ఆస్కార్ అందుకున్న లాత్వియా సినిమా 'ఫ్లో' బ్లెండర్‌తో తీసినదే.

ఇంత చెప్పాక కూడా, మొదటి రోజే బ్లెండర్ తెరవమని నేను ఎవరికీ చెప్పను.

బ్లెండర్ శిల్పానికి మాత్రమే పుట్టింది కాదు. మోడలింగ్, యానిమేషన్, పొగ, నీళ్లు, వెంట్రుకలు, వీడియో ఎడిటింగ్, అన్నీ ఒకే కప్పు కింద ఉన్నాయి. ఒక మీట పొరపాటున తగిలితే ఇంకో లోకంలోకి వెళ్లిపోతారు, తిరిగి రావడం తెలియదు. అదైనా ఫర్వాలేదు, నాలుగు రోజుల్లో అలవాటవుతుంది. అసలు నష్టం వేరు. ముఖం ఇంకా ముఖంలా లేకుండానే చర్మానికి రంగు వేద్దామని, కాంతి పెడదామని, జుట్టు మొలిపిద్దామని మనసు పోతుంది. అవన్నీ చేతికి అందుబాటులోనే ఉన్నాయి మరి. మంచి కాంతి పెడితే బలహీనమైన ఆకారం కూడా కాసేపు బాగున్నట్టు కనిపిస్తుంది. అలా కనిపించడం నేర్చుకునే మనిషికి చాలా చేటు చేస్తుంది, ఎందుకంటే దిద్దుకోవాల్సిన తప్పు అక్కడితో కంటికి ఆనడం మానేస్తుంది. ఎంతో శ్రద్ధగా పనిచేసే పిల్లలు కూడా చర్మ రంధ్రాలు చెక్కుతూ రాత్రుళ్లు గడిపి, ఆ తల పక్కనుంచి చూస్తే వెనక పుర్రె సగం లేదని గమనించకపోవడం చూశాను. బాధ కలుగుతుంది.

అందుకని నా సలహా స్కల్ప్ట్‌జీఎల్‌తో మొదలుపెట్టమని. స్తెఫాన్ జినియే అనే ఫ్రెంచ్ ప్రోగ్రామర్ రాసినది, బ్రౌజర్‌లోనే తెరుచుకుంటుంది, దించుకోవాల్సిన పనీ ఖాతా తెరవాల్సిన పనీ లేదు. దీని కోడ్ కూడా అందరికీ తెరిచే ఉంది. పాత లాప్‌టాప్ మీద కూడా నడుస్తుంది. బ్లెండర్ 4 వరసకు ఓపెన్‌జీఎల్ 4.3 అందుకునే గ్రాఫిక్స్, కనీసం 8 జీబీ మెమరీ కావాలి కాబట్టి ఇది చిన్న విషయం కాదు. చాలా ఇళ్లలో ఉన్న కంప్యూటర్ అక్కడే ఆగిపోతుంది. స్కల్ప్ట్‌జీఎల్‌లో కుంచెలు వేళ్ల మీద లెక్కపెట్టేన్ని. వెంట్రుకల్లేవు, పొగ లేదు, సినిమా లేదు. గోళం, మీరు. లోపాలూ ఉన్నాయి: భద్రం చేసుకోకుండా ట్యాబ్ మూస్తే పని పోతుంది, పలకలు పెరిగేకొద్దీ నెమ్మదిస్తుంది, అందులో చేసిన బొమ్మను కదిలించి ఆడించలేం. మొదటి కొన్ని వారాలకు ఇవేవీ అడ్డం కాదు. ఫోన్ తప్ప వేరే ఆధారం లేనివాళ్లకు ఆ జినియే చేసిన నోమాడ్ స్కల్ప్ట్ అనే యాప్ ఉంది. అది పూర్తిగా ఉచితం కాదు, కానీ ఒకసారి కొంటే నెలనెలా కట్టే బెడద లేదు.

స్కల్ప్ట్‌జీఎల్ తెరిచాక ఏం చెయ్యాలంటే, చిన్న కుంచె ముట్టుకోకుండా పెద్ద ఆకారాలు నిలబెట్టడం. వినాయకుడు ఇందుకు చక్కని పాఠం. పొట్ట, తల, చేటంత చెవులు, తొండం, అన్నీ పెద్ద పెద్ద ముద్దలు. దూరం నుంచి నల్లని నీడలా చూసినా వినాయకుడే అని తెలియాలి. తెలిసేదాకా కన్ను, కిరీటం జోలికి పోవద్దు. తెలిశాక కూడా నాలుగు వైపులా తిప్పి చూడాలి. బొమ్మను ఎదురుగానే ఉంచుకుని గంటల తరబడి పనిచెయ్యడం తెరతో వచ్చిన చెడ్డ అలవాటు. మట్టితో పనిచేసేవాడు పీట తిప్పకుండా ఉండలేడు.

ఇక ఏ సాఫ్ట్‌వేరూ, ఎంత ఖరీదు పెట్టినా, ఇవ్వనిది ఒకటుంది. అది కొలత. మన స్థపతులు ఉలి పట్టకముందే తాళమానం, అంటే ముఖం పొడవును బట్టి ఒళ్లంతా కొలిచే లెక్క, వేసుకుంటారు. నవతాళంలో, అంటే తొమ్మిది ముఖాల ఎత్తులో, నిలువెత్తు 108 అంగుళాలు: ముఖం 12, మెడ 4, అక్కడి నుంచి రొమ్ము దాకా 12, బొడ్డు దాకా 12, కటి దాకా 12, తొడలు 24, మోకాళ్లు 4, పిక్కలు 24, పాదం ఎత్తు 4. ఈ అంగుళం టేపు మీది అంగుళం కాదు, ఆ విగ్రహం ముఖంలో పన్నెండో వంతు. కాబట్టి తెర మీది బొమ్మకైనా, కొండంత విగ్రహానికైనా అదే లెక్క సరిపోతుంది. వినాయకుడికి పంచతాళం చెప్తారు, ఆ గుజ్జు రూపం అందులోంచే వస్తుంది. తిరుపతిలో సంప్రదాయ శిల్పం నేర్పే సంస్థలో పిల్లలు కాగితం మీద ఈ గీతలు గీసి గీసి చెయ్యి కుదుర్చుకున్నాకే రాతి దగ్గరికి వెళ్తారు. తెర మీద నేర్చుకునేవాళ్లు ఈ మెట్టు దాటేస్తున్నారు, అందుకే చేతులు పొట్టిగా, తలలు పెద్దగా వస్తున్నాయి. మొదటి వారాలు దాటి బ్లెండర్‌కి వచ్చాక, బొమ్మ వెనక ఒక గీతల పటం పెట్టుకుని దానికి సరిచూసుకుంటూ చేసే వీలు అందులో ఉంది, డబ్బు అక్కర్లేదు. ఆ పటం గీసుకోవడానికి ఒక పూట కావాలి. ఆ పూట ఖర్చుపెట్టమని బతిమాలుతున్నాను.

తెర దాచిపెట్టేది ఇంకొకటి, బరువు. తెర మీద బొమ్మ కూలదు. ఒంటికాలి మీద, ఏ ఆధారమూ లేకుండా, బరువంతా ఒక పక్కకు వాలినా అలాగే నిలబడి ఉంటుంది. మట్టిలో అయితే లోపల ఇనుప తీగ లేకపోతే ఆ చెయ్యి సాయంత్రానికి కిందపడుతుంది, పడితే బరువు ఎక్కడ తప్పిందో మరచిపోలేని విధంగా తెలుస్తుంది. అద్దంలోలా రెండో సగాన్ని తానే చేసిపెట్టే సౌకర్యం కూడా ఇలాంటిదే. మొదట్లో ఎంతో సాయం. కానీ ఆఖరి వరకూ దాన్ని తియ్యకుండా వదిలేస్తే ప్రాణమున్న ముఖం రాదు. సగం పని అయ్యాక దాన్ని ఆపేసి, మెడ కాస్త పక్కకు తిప్పి, ఒక భుజం దించి చూడండి. తెర ఇవన్నీ దాచేస్తుంది కాబట్టి, వీలున్నవాళ్లు వారంలో ఒక పూట నిజం మట్టి పట్టుకోవాలని నా కోరిక. చెరువు మట్టి చాలు, అదీ ఉచితమే.

పెన్ను సంగతి త్వరగా చెప్పేస్తాను. సాఫ్ట్‌వేర్ మీద మిగిలిన డబ్బులో కొంత పెన్ టాబ్లెట్ మీద పెట్టండి. తెర లేని చిన్నది చాలు. ఒత్తిడిని బట్టి గీత లోతు మారడం మౌస్‌తో కుదరదు, శిల్పంలో సగం ఆ ఒత్తిడిలోనే ఉంది.

సినిమా, గేమ్స్ స్టూడియోల్లో ఉద్యోగం కోరేవాళ్ల ప్రశ్న ఒకటి మిగిలింది. అక్కడ పాత్రల శిల్పానికి జెడ్‌బ్రష్‌దే పెద్దపీట, ఈ మాట దాచి లాభం లేదు. కోట్ల పలకలున్న బొమ్మను అది మొయ్యగలిగినంత తేలిగ్గా బ్లెండర్ మొయ్యలేదు. ఉద్యోగ ప్రకటనల్లో ఆ పేరు కనిపిస్తే నేర్చుకోవాల్సిందే. అయితే నేర్చుకోవాల్సింది మీటలూ మెనూలే. పట్టి లాగడం (గ్రాబ్), మట్టి పెట్టడం (క్లే), గాడి నొక్కడం (క్రీజ్), నునుపు చెయ్యడం (స్మూత్) లాంటి పనులు రెండు చోట్లా ఉన్నాయి, పలకల లెక్కా అదే. ఆకారం కుదిరిన చెయ్యికి ఆ మార్పు కొన్ని వారాల పని. స్టూడియోకి పంపే నమూనాల్లో రంగులద్దిన ముఖాలతో పాటు బూడిద రంగు బొమ్మల్ని కూడా నాలుగు వైపుల నుంచి చూపించండి, వలను కూడా చూపించండి. పాత్రను కదిలించాల్సినవాళ్లు ముందు చూసేది దాన్నే.