కాపీరైట్ కత్తెర పడ్డ పాటలు

రికార్డులు సేకరించే పిచ్చి ముదిరినవాళ్లకు అందరి ఇళ్లలో ఉండే హిట్ ఆల్బమ్ ఆనదు. నోటీసులు అందుకుని, మార్కెట్లోంచి మాయమై, కోతపడి మళ్లీ వచ్చిన కాపీ కోసం ప్రాణం పెడతారు. అలాంటి వాటిలో బిల్ డ్రమండ్, జిమ్మీ కాటీల కథను మించింది లేదు.

ఈ ఇద్దరూ 1987లో 'ద జామ్స్' పేరుతో బ్రిటన్‌లో ఓ ఆల్బమ్ వేశారు. పాత రికార్డుల్లోంచి ముక్కలు కోసి అతికించారు. ఎవరినీ అడిగింది లేదు. ఒక పాటలోనైతే స్వీడన్ బృందం ఆబ్బా 'డాన్సింగ్ క్వీన్'ను దోసిళ్లతో తోడుకున్నారు. ఆబ్బా ఊరుకోలేదు. పాటల హక్కులు చూసే సంఘం అమ్మకాలు ఆపమంది. ఆబ్బాను కలిసి నచ్చజెబుదామని ఇద్దరూ కారెక్కి స్వీడన్ వెళ్లారు. కలవడం కుదరలేదు. మిగిలిన కాపీల్లో చాలావాటిని అక్కడే ఓ పొలంలో తగలబెట్టి, తిరుగు ప్రయాణంలో కొన్నిటిని ఓడ మీంచి ఉత్తర సముద్రంలో పడేశారు. 1988లో, ఇవే చివరి ఐదు అంటూ పత్రికలో ప్రకటన ఇచ్చి ఒక్కోదానికి వెయ్యి పౌండ్లు ధర కట్టారు. ప్రచారం ఎలా చేసుకోవాలో వీళ్లకు ఎవరూ నేర్పక్కర్లేదు!

అసలు విశేషం మధ్యలో జరిగింది. 1987లోనే ఆ ఆల్బమ్‌ను కత్తిరించి మళ్లీ విడుదల చేశారు. పరాయి ముక్క ఉన్నచోట నిశ్శబ్దం. డ్రమ్ మోగుతుంటుంది, గొంతు లేస్తుంది, ఉన్నట్టుండి ఏమీ వినపడదు. రికార్డు మాత్రం తిరుగుతూనే ఉంటుంది. ఆ ఖాళీల్లో ఏ రికార్డు పెట్టి వాయించుకుంటే పాత ఆల్బమ్ తయారవుతుందో అట్ట మీద రాసిచ్చారు. మొదటిదానికన్నా ఇదే గొప్ప పని. మొదటిది గోల. ఇలా పాత ముక్కలు అతికించిన శాంపిల్ పాటలో సొంతమెంత, అరువెంత అన్నది ఇందులో చెవులారా తెలుస్తుంది.

ఆబ్బాది తప్పనలేం. పాట వాళ్లది.

'పంప్ అప్ ద వాల్యూమ్' పాట మీద తగాదా కూడా 1987లోనిదే. స్టాక్, ఏట్కెన్, వాటర్‌మన్‌ల పాట 'రోడ్‌బ్లాక్' లోంచి కొన్ని సెకన్లు వాడినందుకు కోర్టు కొన్నాళ్లు పంపిణీ ఆపింది. అమెరికాలో ఆ ముక్క లేకుండానే వచ్చింది.

ఈ గొడవ మన దేశం దాకా కూడా వచ్చింది. 2002లో అమెరికన్ గాయని ట్రూత్ హర్ట్స్ పాడిన 'అడిక్టివ్' పాట వెనక వినపడేది లతా మంగేష్కర్ గొంతు. 1981 నాటి హిందీ సినిమా 'జ్యోతి' లోని పాట అది, బాణీ బప్పీ లహరిది. అట్ట మీద ఆయన పేరు లేదు. ఆయన పేరు వేయకుండా అమ్మొద్దని 2003లో లాస్ ఏంజెలెస్ కోర్టు ఆదేశించింది. పాత సీడీల పెట్టెలో ఆ పాట ఉన్న ఆల్బమ్ ఉంటే, పారేసేముందు లహరి పేరుందో లేదో ఓసారి చూడండి.