పుట్టి తొక్కే నీళ్ళు

సెలవు దొరికితే వీపున సంచి తగిలించుకొని అండమాన్ పోయి, స్కూబా చేసి వచ్చే పిల్లలు మన దగ్గర పెరిగారు. మంచిదే. వాళ్ళలో గుర్రంగడ్డ పేరు విన్నవాళ్ళు మాత్రం తక్కువ. గద్వాల దగ్గర, జూరాల ప్రాజెక్టుకు దిగువన, కృష్ణ రెండు పాయలుగా చీలిన చోట ఉన్న ఊరది. బడి, పొలాలు, పశువులు అన్నీ ఉన్నాయి, చుట్టూ నీళ్ళు. పైకి పోతే మక్తల్ వైపు పంచదేవపహాడ్ రేవు. అక్కడినుంచి ఏరు దాటితే శ్రీపాద శ్రీవల్లభుల కురువపురం, అది రాయచూరు జిల్లా కిందికి వస్తుంది. ఇవి నది చేసిన దీవులు. ఆనకట్టలు చేసినవి వేరే ఉన్నాయి. శ్రీశైలం జలాశయం నిండాక కొల్లాపూర్ దగ్గర సోమశిల, అమరగిరి చుట్టూ గుట్టల నెత్తులు తిప్పలుగా మిగిలాయి. నల్లగొండ సరిహద్దున, 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేసిన నాగార్జునసాగర్ నీళ్ళలో, ఇక్ష్వాకుల విజయపురి లోయ మునిగి నాగార్జునకొండ దీవి అయింది.

ఇన్ని దీవులున్న నదికి వందల ఏళ్ళుగా పడవంటే పుట్టే, వెదురుతో అల్లిన గుండ్రటి పడవ. తంగిడి దగ్గర తెలంగాణలోకి వచ్చిన కృష్ణ గోదావరిలా నిదానంగా పారదు. బండల మధ్య దూకుతూ, ఒకచోట మోకాలి లోతు, పది బారల అవతల నిలువు మడుగు. అడుగున దూలమున్న పడవ ఈ బండలకు తగిలితే చీలిపోతుంది. పుట్టికి మొన లేదు, దూలం లేదు. జానెడు నీళ్ళుంటే తేలుతుంది, బండకు తగిలితే కాస్త వంగి పక్కకు జారుతుంది. ఇరాక్ నదుల్లో గుఫ్ఫా, వేల్స్‌లో కొరకిల్ ఈ జాతివే. బాబిలోన్ దగ్గర తోలు కప్పిన గుండ్రటి పడవల గురించి హెరొడోటస్ రాశాడు. 1520 ప్రాంతంలో విజయనగరానికి వచ్చిన పోర్చుగీసు యాత్రికుడు పేస్ తుంగభద్ర మీద వీటిని చూసి, లోపల బెత్తం, బయట తోలు అని, తిన్నగా పోలేక గిరగిరా తిరుగుతాయని రాసిపెట్టాడు. తిరగడం వరకు అతను చూసింది నిజమే. తిరగకుండా నడపడం ఎట్లాగో నడిపేవాడికే తెలుసు.

ముందు అల్లకం సంగతి. వెదురును చీల్చి, పలచగా చెక్కి, బద్దలను నీళ్ళలో నానేస్తారు. చదునైన నేల మీద నిలువుగా, అడ్డంగా, ఏటవాలుగా పరిచి నడిమి నుంచి బయటికి అల్లుకుంటూ వస్తారు. అల్లిన అడుగు లేవకుండా బండరాళ్ళు పెడతారు, అల్లేవాడూ దానిమీదే గొంతుక్కూర్చొని చుట్టూ జరుగుతుంటాడు. అడుగు తగినంత వెడల్పయ్యాక బద్దలను పైకి వంచాలి. పని తెలిసేది ఇక్కడే. ఎండిన బద్ద ఫట్టుమని విరుగుతుంది, మరీ నానిన బద్ద వంగినట్టే వంగి తెల్లారేసరికి మళ్ళీ తెరుచుకుంటుంది. వేలితో నొక్కి చూసి చెబుతారు, ఇంకో పూట ఆగాలని. అంచుకు బద్దల కట్ట చుట్టి బిగించాక బయట కప్పు. వెనక పశువుల తోలు కుట్టేవారు, ఇప్పుడు ప్లాస్టిక్ సంచుల పట్టా పరిచి మీద కాచిన డాంబర్ పూస్తున్నారు. ఎండనిచ్చి నీళ్ళలో దింపి, లోపల ఎక్కడ చెమ్మ పుడుతుందో చూసి, అక్కడ గుడ్డపీలిక, మళ్ళీ డాంబర్.

నడపడంలో కొత్తవాడు చేసే పని వెనక కూర్చొని తెడ్డు వేయడం. పుట్టి ఉన్నచోటే బొంగరమవుతుంది. బెస్తవాళ్ళు పోవలసిన దిక్కున అంచుకు ఒంగి కూర్చుంటారు. తెడ్డును ముందుకు దింపి, నీటిని ఇటూ అటూ కోస్తూ తమవైపు లాక్కుంటారు. అంటే పుట్టిని తోయరు, ఈడుస్తారు. ఎదుటి గడ్డ మీద గురిపెట్టి తిన్నగా పోవాలనుకుంటే ప్రవాహం కిందికి కొట్టుకుపోతుంది. అందుకని ఒడ్డు వెంట నీళ్ళు నిదానంగా ఉన్నచోట పైకి పోయి, అక్కడ వదిలి, ఏటవాలుగా జారుతూ రేవుకు చేరతారు. చిన్న పుట్టి అయితే వీపున బోర్లించుకొని ఒడ్డు వెంట నడిచి పైకి మోసుకెళతారు. వీపున సంచితో తిరిగేవాళ్ళు ఒకసారి చూడదగ్గ దృశ్యం, పడవ కింద నుంచి రెండు కాళ్ళు నడుస్తూ వస్తాయి. నీటి మీది ముడతను బట్టి కింద బండ ఉందో లేదో చెప్పగలరు. ఎక్కేవాళ్ళకు మాత్రం చెప్పేది ఒక్కటే: "సారూ, అంచుకు కూసోకుండ్రి. నడిమిట్ల కూసోండ్రి, లేవకుండ్రి."

నీటి కిందికి దిగడమూ ఈ విద్యలో భాగమే. వల బండ కింద చిక్కుకుంటే దిగి విడిపించాలి. వల తాడునే పట్టుకొని కిందికి పోతారు. వానకాలపు ఎర్రనీటిలో కళ్ళు పనికిరావు, చేతితో తడిమి చూడాల్సిందే. పది మీటర్ల లోతుకు పోతే ఒంటిమీద ఒత్తిడి పైనున్న దానికి రెట్టింపు, చెవులు గుయ్యిమంటాయి. ముక్కు మూసి లోపలికి ఊదితే సర్దుకుంటుంది, స్కూబా నేర్పేవాళ్ళు మొదటిరోజే చెప్పే సంగతి. పందేలకు పోయే కుర్రాళ్ళు దిగేముందు గబగబా శ్వాసలు పీలుస్తారు. అది మహా ప్రమాదం. రక్తంలో బొగ్గుపులుసు వాయువు తగ్గి, ఊపిరి కావాలన్న కబురు ఆలస్యంగా అందుతుంది, ఈలోగా స్పృహ పోతుంది. మన జిల్లాల్లో ఈ ఈతంతా మోటబావుల్లో, వీపున సొరకాయ బుర్ర కట్టుకొని నేర్చినదే. బోర్లు వచ్చి బావులెండిపోయాక నేర్చుకునే చోటే పోయింది, ఏటి ఒడ్డునున్న ఊళ్ళలో కూడా ఈతరాని పిల్లలు కనిపిస్తున్నారు.

నది ఎవరినీ మన్నించదు. 2007 జనవరిలో సోమశిల దగ్గర మంచాలకట్ట రేవులో పడవ మునిగి 61 మంది పోయారు. 2020 ఆగస్టులో వరద మీదున్న కృష్ణలో పంచదేవపహాడ్ దగ్గర పుట్టి తిరగబడి నలుగురు గల్లంతయ్యారు. పుట్టి గట్టిదే, అయితే అది మోయగలిగినంతే మోస్తుంది. వరదలో ఎవరు పిలిచినా ఎక్కకూడదు, లైఫ్ జాకెట్ లేకుంటే ఎండాకాలమైనా ఎక్కకూడదు. ఈ మాట రేవువాళ్ళకు నచ్చకపోయినా సరే. జలాశయాల్లో ఇంకో చిక్కుంది. అక్కడ ప్రవాహం కాదు, గాలి. తేలికైన పుట్టిని గాలి ఆకులా కొట్టుకుపోతుంది కాబట్టి, చేపలవాళ్ళు పొద్దున్నే వలలు తీసి ఎండెక్కేలోపు ఒడ్డుకు చేరతారు.

పోదలచినవాళ్ళు నవంబరు దాటాక పోవడం మేలు, నీళ్ళు తేరుకొని ఉంటాయి. ఎండలు ముదిరి మట్టం బాగా పడితే సోమశిల అవతల సప్తనదీ సంగమేశ్వరం గుడి నీళ్ళలోంచి బయటపడుతుంది. సోమశిల దగ్గర కృష్ణ మీద తీగల వంతెనకు 2022లో కేంద్రం అనుమతిచ్చింది. వంతెనలు రావాలి, వరదరోజున పురిటి నొప్పులొచ్చిన మనిషిని పుట్టిలో దాటించమని సంప్రదాయం పేరు చెప్పి అడిగే హక్కు ఎవరికీ లేదు. వేట మాత్రం వంతెన మీదనుంచి జరగదు. ఇప్పుడు ఫైబర్ పుట్లు వస్తున్నాయి. ఏటా డాంబర్ పూసే పనిలేదు, అల్లేవాళ్ళ కోసం తిరగనక్కర్లేదు. కానీ బండకు తగిలి పగిలితే ఒడ్డున కూర్చొని బాగుచేసుకోవడం కష్టం. అందుకే బండలెక్కువున్న చోట ఇంకా వెదురు పుట్టినే కావాలంటారు కొందరు చేపలవాళ్ళు, అల్లేవాడు దొరికినంతవరకు.