లేదని చెప్పే విద్య

గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను ముందే పసిగట్టడానికి స్త్రీలకు చేసే పాప్ స్మియర్ పరీక్ష రిపోర్టులో ‘నెగెటివ్’ అని చూడగానే ప్రాణం కుదుటపడుతుంది. ఆ ఒక్క మాట వెనక, కణాలను పరీక్షించే సైటోటెక్నాలజిస్టు పడ్డ శ్రమ ఎంతో ఉంటుంది.

గాజు స్లైడు మీద వేల కణాలు. గులాబీ, నీలి ఆకుపచ్చ రంగుల నడుమ ముదురు నీలం కేంద్రకాలు. మైక్రోస్కోపు కింద స్లైడును ఒక అంచు నుంచి వరసగా జరుపుతూ, చాలు పక్కన చాలు దున్నినట్టు, నడుమ ఖాళీ వదలకుండా చూస్తారు. ఏ కేంద్రకమైనా ఉబ్బి, అంచు వంకరపోయి, రంగు చిక్కబడితే అక్కడ సిరా చుక్క పెట్టి పాథాలజిస్టుకు పంపుతారు.

ఆ కళ్ళు అలిసిపోతే ప్రమాదం. అమెరికాలో 1987లో వాల్ స్ట్రీట్ జర్నల్, స్లైడుకింతని డబ్బిచ్చి హడావుడిగా చూపించే ల్యాబుల గుట్టు రట్టుచేసింది. మరుసటి ఏడే చట్టం వచ్చింది. దాని కింద వచ్చిన నియమాల ప్రకారం 24 గంటల్లో ఒకరు 100 స్లైడ్లకు మించి చూడకూడదు. నెగెటివ్ అన్నవాటిలో కనీసం 10 శాతం రెండోసారి చూడాలి. ఎవరికైనా తీవ్రమైన మార్పులు బయటపడితే, ల్యాబులో ఉన్న ఆమె గత ఐదేళ్ళ నెగెటివ్ స్లైడ్లన్నీ తిరగెయ్యాలి.

రంగు ద్రావణాలు వడగట్టడం, ఆల్కహాల్లో పడేలోపే ఆరిపోయి చెడిన స్మియరును మొహమాటం లేకుండా పనికిరాదనడం కూడా ఈ పనిలో భాగమే.

ఎక్కువ స్లైడ్లలో ఏమీ ఉండదు. ఏమీ లేనిచోటా అదే శ్రద్ధ నిలపడమే వీళ్ళ విద్య. జబ్బు నయం చేసిన డాక్టరుకు దండం పెడతాం. జబ్బు లేదని నిక్కచ్చిగా తేల్చినవాళ్ళకూ ఒకటి పెట్టాలి.