కథావస్తువుగా కొనుగోలు వ్యసనం

మన కథల్లో అప్పు ఉంది, అప్పు చేసి కొన్న సరుకు లేదు. ఇది చిన్న లోపం కాదు. కాళీపట్నం రామారావుగారి ‘యజ్ఞం’లో అప్పు తరాల మీదుగా మనిషిని కట్టివేస్తుంది. ఆ దారిలో వచ్చిన కథకులు అప్పును పొలంలో చూశారు, పెళ్లిలో చూశారు, రోగంలో చూశారు. అదంతా అవసరపు అప్పు. అక్కరలేని వస్తువు కోసం, ఆగలేక చేసిన అప్పు కథలోకి వచ్చేసరికి మాత్రం మన కలం హాస్యంలోకి జారిపోతున్నది.

ఈమధ్య నిజామాబాదు, బోధను ప్రాంతాల యువరచయితల కథలు కొన్ని రాతప్రతులుగా చదివాను. నాలుగింటిలో ఈ వస్తువు ఉంది. మూడింటిలో భార్య చీరలు కొంటూ ఉంటుంది, భర్త తల పట్టుకుంటాడు. ఇది పాత పత్రికల చివరి పేజీ జోకు. పైగా అబద్ధం. అమెరికాలో 2006లో వెలువడిన ఒక పెద్ద సర్వేలో ఈ లక్షణాలు స్త్రీలలో 6 శాతం, పురుషులలో 5.5 శాతం కనిపించాయి. తేడా దాదాపు లేదు. మొగవాడు ఫోను మీద ఫోను కొంటే అది ‘శోకు’, ఆడది చీర మీద చీర కొంటే అది ‘పిచ్చి’. ఈ రెండు మాటల మధ్య ఉన్న అన్యాయాన్ని పట్టుకోవలసిన కథకుడే దాన్ని మోస్తున్నాడు.

జబ్బు అనే మాటను కూడా జాగ్రత్తగా వాడాలి. 20వ శతాబ్దం తొలి దశకాల్లోనే జర్మన్ మనోవైద్యుడు క్రేపెలిన్ దీనికి ఒక పేరు పెట్టాడు. అయినా 2013లో అమెరికా మనోవైద్యుల గ్రంథం జూదాన్ని వ్యసనాల్లో చేర్చింది గాని కొనుగోలును చేర్చలేదు. 2022లో అమలుకు వచ్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థ వర్గీకరణ దీన్ని నిగ్రహ లోపాల ‘ఇతర’ కోవలో ఒక ఉదాహరణగా మాత్రమే పేర్కొన్నది. వ్యసనమా, నిగ్రహ లోపమా అన్న వాదం వైద్యుల్లోనే తెగలేదు. లక్షణాల మీద మాత్రం పెద్ద తగాదా లేదు. ఊరట కొనే క్షణంలోనే ఉంటుంది, వాడుకోవడంలో ఉండదు. ఇంటికి తెచ్చిన కట్ట విప్పరు, దాస్తారు. దాచినందుకు సిగ్గుపడతారు. ఆ సిగ్గు భరించలేక మళ్లీ కొంటారు. కథకుడికి ఇంతకన్నా ఏం కావాలి? శిల్పం జబ్బులోనే ఉంది.

ఫ్లాబేర్ దీన్ని 1856లోనే చూశాడు. ‘మదాం బొవారీ’లో ఎమ్మాను చంపింది ప్రేమ అని మన విద్యార్థులు పరీక్షల్లో రాస్తారు. ప్రియులు వదిలేసిన మాట నిజమే, కాని ఇంటి సామాను జప్తుకు తెచ్చింది లెరో అనే బట్టల వర్తకుడి ప్రామిసరీ నోట్లు. అతడు ఏనాడూ బలవంతం చెయ్యడు. వినయంగా సరుకు చూపిస్తాడు, డబ్బు తర్వాత చూద్దామంటాడు. జోలా 1883 నాటి నవలలో మరొక అడుగు ముందుకు వేసి దుకాణాన్నే పాత్రను చేశాడు. అక్కడ యజమాని సరుకుల అమరికను కావాలనే తారుమారు చేస్తాడు, వచ్చినవాళ్లు దారి తప్పి తిరగాలని. తిరిగి తిరిగి కొనే ఇల్లాలి భర్త ఒక బడిపంతులు. అతని పతనాన్ని జోలా నవ్వులాటగా రాయలేదు. ఒకరిలో కొత్త అవసరం పుట్టించి వారిని లొంగదీసుకోవడం గురించి మార్క్స్ తన 1844 రాతప్రతుల్లో చెప్పినదానికి ఈ రెండు నవలలూ సజీవ వ్యాఖ్యానాలు.

ఇక మన నేల. బోధను శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ 1937లో ఏర్పడింది. ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని పేరు. 2002లో సగానికి మించిన వాటా ప్రైవేటు చేతికి పోయింది, 2015 డిసెంబరులో లాకౌట్ పడింది. ఈ తేదీలు మన కథల్లో ఉన్నాయి. లేనిది వాటి కింద మారిన ఖాతా పుస్తకం. చెరుకు బిల్లు వచ్చేదాకా, కార్మికుడి జీతం అందేదాకా ఈ ప్రాంతం ‘ఉద్దెర’ మీద బతికింది. ఉద్దెర ఇచ్చే కోమటి మంచివాడని నేననను. లెక్కలో మోసం ఉండేది, గిర్వి పెట్టిన గొలుసు తిరిగి రాకపోయేది. కాని అతనికి మొహం తెలుసు. ‘పాత బాకీ కట్టి రా’ అనేవాడు. తన డబ్బు భయంతోనైనా ఆ మాట ఒక గట్టులా అడ్డం ఉండేది. ఇప్పుడు ఉద్దెర పోయి కిస్తీ వచ్చింది. ఫోనులో అప్పిచ్చేవాడికి మొహం లేదు, కాదనే నోరు లేదు. నోరు వచ్చేది వసూలు నాడే. 2020 చివర తెలంగాణలో రుణ యాప్‌ల వేధింపులకు ప్రాణాలు పోయిన సంగతి అందరికీ తెలిసిందే.

అంతా వ్యవస్థే చేసిందని చేతులు దులుపుకునే విమర్శతోనూ నాకు పేచీ ఉంది. ఒకే వీధిలో, ఒకే ఫోను చేతిలో ఉన్న పదిమందిలో ఒకరే ఎందుకు ఆగలేకపోతారు? ఈ ప్రశ్నను మనస్తత్వవాదమని తోసిపుచ్చితే కథలో మనిషి మిగలడు, కరపత్రం మిగులుతుంది. గాంధీ చౌక్ దుకాణాల నుంచి ఖలీల్‌వాడి డాక్టర్ల దగ్గరికి నడక దూరమే. ఆ నడకను మన కథ ఇంకా నడవలేదు.

నాలుగో కథ కొంచెం నడిచింది. అందులో బీడీలు చుట్టే ఒక తల్లి. కొన్న పొట్లాలు విప్పకుండా బియ్యం డబ్బా వెనక పెడుతుంది. రాత్రి బియ్యం తీసినప్పుడల్లా వాటిని చేత్తో తడిమి చూసుకుంటుంది. ఆ ఒక్క వాక్యానికి రచయితకు దండం పెట్టాలి. తర్వాత కొడుకు వచ్చి సామ్రాజ్యవాద మార్కెట్ మీద పేజీన్నర ఉపన్యాసం ఇస్తాడు. ఉపన్యాసంలో తప్పు లేదు, ఆ ఇంట్లో దానికి చోటు లేదు. ఆ పేజీన్నర తీసేసి, కిస్తీ గడువు ముందు వారం ఆమె రోజుకు ఎన్ని వందల బీడీలు ఎక్కువ చుట్టిందో, ఆ డబ్బులో కిస్తీకి ఎంత పోయి పొట్లానికి ఎంత మిగిలిందో రాయమని ఆ రచయితకు ఉత్తరం రాశాను.