యథార్థచిత్రములు - బీభత్సరసము

లోకమునందలి జుగుప్స జుగుప్సయే. నాట్యమునందు నది బీభత్సరస మగును. విభావాదులు సాధారణీకృతములై, నాది పరులది యను భేదము తొలఁగుటయే యిందులకుఁ గారణమని భట్టనాయకాదులు చెప్పిరి. డాక్యుమెంటరీ యనఁబడు యథార్థచిత్రమున నీ సిద్ధాంతమునకుఁ జిక్కు గలుగుచున్నది. అందుఁ గానవచ్చు శవము వేషము గాదు. దానిని జూచి సహృదయుఁ డాస్వాదించునన్నచో నది పరదుఃఖమున వినోదము; ఆస్వాదింపఁడన్నచో నట్టి చిత్రమును జూడనేల? ప్రసిద్ధములగు మూఁడు చిత్రములను బరిశీలించినచో నీ సందేహము కొంత తీఱును.

ఫ్రెంచి దర్శకుఁడు అలాఁ రెనే రచించిన "నుయి ఎ బ్రూయార్" (రాత్రియు మంచును) 1956లో వెలువడినది. నిడివి 32 నిమిషములు. నాజీల శిబిరములు దీని విషయము. పాడుపడిన శిబిరములలోఁ బచ్చిక మొలచిన నేల రంగులలోఁ గానవచ్చును. అంతలో నలుపు తెలుపులలో నాఁటి శవరాశులు. వ్యాఖ్యానము వ్రాసిన జాఁ కేరోల్ మౌట్‌హౌసెన్ శిబిరమునుండి బ్రదికి వచ్చిన కవి. ఆతని వాక్యములు శాంతములు; అందుచేతనే తీక్ష్ణములు. కాని హతులలో యూదుల వధ ప్రత్యేకముగా స్ఫుటము గాకపోవుట గొప్ప లోపము. శవరాశిని జూచిన కన్ను త్వరలోనే మరలిపోవుట మఱియొక లోపము.

క్లోద్ లాంజ్‌మన్ యొక్క "షోవా" (1985) తొమ్మిది గంటలకు మించినది. అందుఁ బాత చిత్రఖండ మొక్కటియు లేదు. శవ మొక్కటియుఁ గానరాదు. ట్రెబ్లింకాలో విషవాయువుచేఁ జంపఁబడనున్న స్త్రీల జుట్టు కత్తిరించిన క్షురకుఁడు అబ్రహాం బాంబా, ఇజ్రాయెలునందలి యొక క్షౌరశాలలో నొకని తల కత్తిరించుచు నాఁటి కథ చెప్పును. తోడి క్షురకుని భార్యయుఁ జెల్లెలును గదిలోనికి వచ్చిరని చెప్పుచుండఁగా నాతని మాట యాఁగిపోవును. కత్తెర యుద్దీపనము, మౌనమే యనుభావము. చెప్పుమని దర్శకుఁడు నిర్బంధించుట క్రౌర్యమను నాక్షేపము త్రోసివేయఁదగినది గాదు.

జాషువా ఆపన్‌హైమర్ యొక్క "ది యాక్ట్ ఆఫ్ కిల్లింగ్" (2012) మార్గము మఱియు విపరీతము. ఇండోనీషియాలో 1965-66లోఁ గమ్యూనిస్టులను నెపమున హతులైనవారు 5 లక్షలకుఁ దక్కువ గారని చరిత్రకారుల యంచనా. మేడాన్ నగరమున శిక్షలేక తిరుగుచున్న ఘాతకుఁడు అన్వర్ కాంగోచేతనే దర్శకుఁ డాతని కృత్యముల నభినయింపఁజేసెను. ఒక దృశ్యమున హతుని వేషము ధరించి, హతుల బాధ తనకుఁ దెలిసినదని యాతఁ డనును. నీ కది చిత్రమని తెలియును, వారికిఁ జావని తెలియును అను నర్థముతో దర్శకుఁడు బదులు చెప్పును. ఆలంకారికుల లోకనాట్యభేద మంతయు నీ మాటలో నున్నది. తుదకుఁ దాను మనుష్యులను దీఁగతో నుఱిపెట్టిన మేడపై నాతనికి డోకు వచ్చును. భరతుఁడు బీభత్సమునకుఁ జెప్పిన యనుభావములలో వమన మొకటి. అది నిజమో యభినయమో తేల్ప శక్యము గాదు. హతుల పక్షము వినఁబడకపోవుట యను లోపమును 2014 నాఁటి "ది లుక్ ఆఫ్ సైలెన్స్" తీర్చినది. అందు హతుని తమ్ముఁడు, కంటియద్దముల వృత్తివాఁడు, ఘాతకుల కన్నులు పరీక్షించుచు నన్ననుగూర్చి ప్రశ్నించును.

శవరాశులకంటె క్షురకుని కత్తెరయు ఘాతకుని డోకును జిరకాలము మనస్సున నిలుచును. మొదట జుగుప్స దేహముపైఁ బడి యాఁగును. పిదప నది కృత్యముపైకిఁ దిరుగును. ఇట్టి చిత్రమునఁ జూపరి రసికుఁడుగాఁ గాక సాక్షిగాఁ గూర్చుండవలెను. చూడనేల యను ప్రశ్నకు సమాధాన మిదియే. పెద్ద తరగతుల విద్యార్థులకుఁ జూపఁదలఁచు పండితులు రెనే చిత్రమును ముందు చూపి, బాంబా ఘట్టమును బిదపఁ జూపుట యుక్తము. ఆపన్‌హైమరు చిత్రములు రెండును వయస్సు వచ్చినవారికే తగును. వానిని విడఁదీసి చూడరాదు.