చివరి గుండీ పిల్లాడిదే

పన్నెండేళ్ల కొడుక్కి అన్నం కలిపి నోట్లో పెట్టే తల్లులు మా పేటలో ఉన్నారు. తెల్లారితే మిరప కోతకో, పత్తి తీతకో, మిల్లుకో పోవాలి. పిల్లాడు తనంతట తాను తినేదాకా ఆగే తీరిక ఎక్కడిది? తల్లి వెళ్లాక నాయనమ్మ స్నానం చేయిస్తుంది, చొక్కా తొడుగుతుంది. ఇంటిల్లిపాదీ ప్రాణంగా చూసుకుంటారు. కానీ అన్నీ మనమే చేసిపెడుతుంటే వాడికి చేతనయ్యే పనులు కూడా చేతికి రాకుండా పోతాయి.

బుద్ధిమాంద్యం, ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ ఉన్న ఇలాంటివాళ్లకు అండగా నిలిచే వృత్తికి ఓర్పు ఉంటే చాలదా, చదువెందుకని అడుగుతుంటారు. ఓర్పు కావాలి. ఎప్పుడు చెయ్యి అందించాలో, ఎప్పుడు తీసేయాలో తెలియడం అంతకంటే ముఖ్యం. అది శిక్షణతోనే వస్తుంది.

చొక్కా గుండీ పెట్టుకోవడం మనకు ఒకే పని. స్పెషల్ టీచరు దాన్ని మెట్లుగా విడగొడుతుంది: గుండీ పట్టుకోవడం, కాజా వెతకడం, అంచు దూర్చడం, అవతలి నుంచి లాగడం. నేర్పేది మాత్రం చివరి నుంచి. గుండీలన్నీ తానే పెట్టి, ఆఖరిది సగం దూర్చి, లాగే పని పిల్లాడికి వదిలేస్తుంది. లాగగానే పని పూర్తి. పూర్తి చేసింది వాడు. అది పట్టుబడ్డాక దూర్చడం కూడా వాడికే అప్పగిస్తుంది. సాయం కూడా అంతే: మొదట చెయ్యి పట్టి చేయిస్తుంది, తర్వాత చేసి చూపిస్తుంది, ఆపై నోటితో చెబుతుంది, ఆపై సైగ చేస్తుంది, చివరికి ఊరుకుంటుంది. ఏది ఎప్పుడు తగ్గించాలో రోజూ రాసుకున్న రికార్డు చూసి తేల్చుకుంటుంది.

పిల్లాడు తల గోడకు కొట్టుకుంటే మొండితనమని కసరదు. అంతకుముందు ఏం జరిగింది, తర్వాత వాడికి ఏం దక్కింది అని చూస్తుంది. నోటితో చెప్పుకోలేని చెవిపోటు కావచ్చు, మిక్సీ మోత కావచ్చు.

ఈ చదువుకు మన దగ్గర పునాది ఉంది. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో 1984లో ఏర్పడిన జాతీయ సంస్థ, ఇప్పటి ఎన్ఐఈపీఐడీ, ఈ రంగానికి మనుషుల్ని తయారుచేస్తోంది. కోర్సుల ప్రమాణాలు చూసేది 1992 చట్టంతో చట్టబద్ధ హోదా పొందిన భారత పునరావాస మండలి, ఆర్‌సీఐ. స్పెషల్ డీఎడ్ రెండేళ్లు. స్పెషల్ బీఈడీ కూడా ఉంది. చదువు ముగిశాక ఆర్‌సీఐ రిజిస్టరులో పేరు ఎక్కాలి. ఊళ్లలోనే ఉండి సేవ చేసేవాళ్ల కోసం 2021లో ఆరు నెలల కోర్సు కూడా మొదలైంది. ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిచే మన భవిత కేంద్రాల్లో నేర్పే సహిత విద్య రిసోర్స్ టీచర్లు, ఐఈఆర్‌టీలు, ఇలాంటి శిక్షణ పొందినవాళ్లే.

2016 వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది, 6 నుంచి 18 ఏళ్ల వరకు ఉచిత విద్య హక్కుగా ఇచ్చింది. పంతొమ్మిదో ఏట ఆ యువకుడు ఏం చెయ్యాలి? ఒంటరిగా బస్సెక్కడం, చిల్లర లెక్కపెట్టడం, చేతనైన కొలువు చేసుకోవడం అప్పుడే కదా కావాల్సింది! పెద్దవాళ్లకు నేర్పేవాళ్లు ఇంకా ఎక్కువమంది కావాలి. వాళ్ల జీతం, కొలువు భద్రత ఆ అవసరానికి తగినట్టు ఉండాలి.

ఇంటర్ పూర్తిచేసిన పిల్లలకు ఒక మాట. ఏం చదవాలా అని ఆలోచిస్తుంటే ముందు దగ్గర్లోని భవిత కేంద్రంలో టీచరమ్మ అనుమతి అడిగి ఒక పూట కూర్చోండి. ఆవిడ ఏం చేస్తోందో, ఏం చెయ్యకుండా ఆగుతోందో గమనించండి. ఆ పని మీ మనసుకు నచ్చితే స్పెషల్ డీఎడ్‌కు దరఖాస్తు పెట్టండి. మన పేటకు మీ అవసరం ఉంది.